వెనక సీటు బెల్టు

శనివారం పొద్దున పదకొండింటికి కార్లు మోసుకొచ్చే పెద్ద లారీ ఊళ్ళో రొట్టెల దుకాణం ముందు ఆగింది. పైన నాలుగు కార్లు, కింద నాలుగు. రాంగెల్ కొన్నది కింది వరసలో ఆఖరిది. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ఒళ్ళు. చెక్కల మీంచి దిగుతుంటే ఎండకి తళతళా మెరిసింది. దుకాణం మెట్ల మీద కాఫీ తాగుతున్న మగాళ్ళంతా కప్పులు పక్కన పెట్టి మరీ చూశారు.

"ఏరా రాంగెల్, జర్మన్ తాతగారి బండేనా? ఆదివారం చర్చికి తప్ప బయటికి తీసేవాడు కాదని చెప్పారా నీకు కూడా?" అన్నాడొకడు.

అందరూ పగలబడి నవ్వారు. రొడోపి కొండల్లో సెకండ్ హ్యాండ్ కారు కొన్న ప్రతివాడికీ ఈ మాట తప్పదు. జర్మనీలో అంతమంది భక్తిపరులైన తాతలే ఉంటే అక్కడ చర్చిలు చాలవు. రాంగెల్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కంటితో చూడకుండా, ఫోన్‌కి పంపిన పన్నెండు ఫొటోలు చూసి, గాలిన్ అనే దళారీ మాట నమ్మి కొన్న బండి మరి.

చూడకుండా ఎవడైనా కొంటాడా అని మీరు తిట్టుకుంటారేమో. తిట్టుకోకండి. వెళ్ళి చూసొచ్చే వీలుంటే అతనూ వెళ్ళేవాడే. అతని భార్య నెవెనాకి ఆరేళ్ళ కిందట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు పట్నం ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ మెషిన్ పక్కన పడుకోవాలి. ఒక్కసారి తప్పితే ఒళ్ళంతా నీరు పడుతుంది. రెండుసార్లు తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. ఆపైన చెప్పుకోవడానికేమీ మిగలదు. పాత కారు అక్టోబరులో పూర్తిగా మూలపడింది. ఆసుపత్రి బండి కోసం పేరు రాయిస్తే జనవరిలో చూద్దామన్నారు. నెల రోజులు వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి భార్యని తీసుకెళ్ళాడు. జర్మనీ వెళ్ళి కారు చూసి రావాలంటే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఆమెని ఎవరు తీసుకెళ్తారు?

కారుని ఇంటి వాకిట్లో పెట్టగానే అతని తల్లి వెల్కా రాగి చెంబుతో వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. చెంబులో నీళ్ళు, నీళ్ళలో ఒక పచ్చటి జెరేనియం రెమ్మ. ఆ ఊళ్ళో ఎవరు ప్రయాణం కట్టినా, కొత్త బండి తెచ్చుకున్నా, ముందర నీళ్ళు పొయ్యడం ఆనవాయితీ. నీళ్ళు ఎలా అడ్డు లేకుండా పారతాయో ప్రయాణం అలా సాగాలని.

"నీళ్ళలా వెళ్ళు నాయనా, నీళ్ళలా తిరిగిరా," అంటూ చక్రాల ముందు చెంబు ఒంపేసింది. "ఇంకో చెంబు కూడా పోస్తానుండు. ఇది మామూలు బండా? మా కోడలి ప్రాణం మొయ్యాల్సిన బండి!"

రెండు చెంబులు పోసింది. నీళ్ళు కారు కిందకి జారాయి. వాకిలి రాతి పలకలది, వీధి వైపుకి బాగా వాలు. ఎన్ని నీళ్ళు పోసినా క్షణంలో గేటు దాటిపోతాయి. కిటికీలోంచి చూస్తున్న నెవెనా కాసేపాగి అడిగింది.

"అత్తయ్యా, నీళ్ళు కారు దాటి అటు రాలేదేం?"

"ఎండ తాగేసి ఉంటుందిలేవే," అంది వెల్కా.

నవంబరు ఎండ! అయినా ఎవరూ వంగి చూడలేదు.

సోమవారం బయల్దేరారు. కారులో గాలిన్ మూడు సెంటు కాగితాలు వేలాడదీసి పంపాడు, పైన్ చెట్టు వాసనవి. నెవెనాకి కడుపులో తిప్పుతోందంటే రాంగెల్ మూడూ తెంపి బయట పారేశాడు. అప్పుడు తెలిసింది అడుగున ఉన్న వాసన. చాలాకాలం మూసి ఉన్న బావి మూత తీసినట్టు. తడి గోనెసంచుల వాసన, కుళ్ళిన ఆకుల వాసన, చల్లటి బురద వాసన. అద్దాలు దించితే పోయింది. ఎత్తితే మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఊరు దాటి లోయ దారిలో పడ్డాక గంట మొదలైంది. టింగ్... టింగ్... టింగ్... స్టీరింగ్ ముందు చిన్న ఎర్ర బొమ్మ వెలిగింది. వెనక ఎడమ సీటులో కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోలేదని దానర్థం.

"వెనక నీ దుప్పటి ఉంది కదా, దాని బరువే," అన్నాడు రాంగెల్. పక్కకి ఆపి, దుప్పటి తీసి డిక్కీలో పడేశాడు. సీటు ఖాళీ. కదిలాక మళ్ళీ టింగ్... టింగ్...

ఆ ప్రాంతంలో ఇలాంటి గంటకి అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. మనిషి ఉన్నా లేకపోయినా బెల్టు లాగి కొక్కెంలో తగిలించేస్తారు. గంట నోరు మూసుకుంటుంది. సగం మంది సొంత సీటు బెల్టు కూడా అలా వీపు వెనకే తగిలించుకుని తిరుగుతారు. రాంగెల్ అదే చేశాడు. ఖాళీ సీటుకి బెల్టు కట్టేశాడు.

గంట ఆగిపోయింది.

"అమ్మయ్య," అంది నెవెనా. "ఇప్పుడు కుదురుగా కూర్చుంది."

"ఏంటీ?"

ఆమె నుదురు రుద్దుకుంది. "ఏమో... గంట గురించే అన్నానులే."

ఆసుపత్రిలో మొదట తూకం వేస్తారు. ఒంట్లో ఎంత నీరు చేరిందో, మెషిన్ ఎంత తియ్యాలో దాన్నిబట్టే లెక్క. నెవెనా అసలు బరువు యాభై రెండు కిలోలు. మామూలుగా యాభై నాలుగుతో వస్తుంది. ఆ రోజు ముల్లు యాభై ఏడు దగ్గర ఆగింది.

సిస్టర్ లిల్యానా భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. "అమ్మాయ్! ఏం తాగావు? సూపు గిన్నె ఎత్తి దింపకుండా తాగేశావా? నీ మొగుడేం చేస్తున్నాడు, నిద్రపోతున్నాడా?"

"ఒక్క గుక్క కూడా తాగలేదు సిస్టర్, నిజం!"

తిరిగొస్తున్నప్పుడు రాంగెల్ ఉండబట్టలేక అడిగాడు. "నాకైనా చెప్పు నెవెనా. తాగావా?"

"నీ మీద ఒట్టు," అంది. తర్వాత కాస్త సిగ్గుపడుతున్నట్టు చెప్పింది. "అసలు దాహమే వెయ్యట్లేదు రాంగెల్. ఆరేళ్ళుగా రోజుకి రెండు కప్పులతో నాలుక పిడచకట్టుకుపోయి బతికానా... ఈ కారెక్కి కూర్చోగానే గొంతు తడిగా, చల్లగా... ఎంత హాయిగా ఉందో!"

ఆరేళ్ళలో ఆమె నోట హాయి అన్న మాట అతను వినలేదు. విన్నందుకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

బుధవారం బయల్దేరే ముందు ఇంట్లోనే తూకం మెషిన్ మీద నిలబెట్టాడు. యాభై నాలుగు. గంటన్నర ప్రయాణం. దారిలో ఆమె పెదవి కూడా తడుపుకోలేదు, అతను కళ్ళారా చూస్తూనే ఉన్నాడు. ఆసుపత్రిలో యాభై తొమ్మిది. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. ఆ రోజు ఆరు గంటలు పడుకోబెట్టారు. సిస్టర్ లిల్యానా ఈసారి అరవలేదు. అతన్ని పక్కకి పిలిచి చాలా నెమ్మదిగా చెప్పింది.

"చూడు బాబూ, ఇంకోసారి ఇలా వస్తే ఆ గుండె తట్టుకోదు. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో కనుక్కో."

ఆ సాయంత్రమే రాంగెల్ మెకానిక్ స్పాస్‌ని లాక్కొచ్చాడు. ఇద్దరూ కలిసి సైన్యంలో పనిచేసినవాళ్ళు. స్పాస్ కారు తలుపు తీసి ఒక్కసారి గాలి పీల్చి, రాంగెల్ వైపు జాలిగా చూశాడు.

"ఒరేయ్ వెర్రివెధవా, కొనేముందు నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

ముందు సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. ఎంత లాగితే అంత వచ్చింది. మూడు జానలు శుభ్రమైన నల్ల పట్టీ, ఆ తర్వాత అడ్డంగా ఒక గీత, గీత అవతల అంతా ఎండిన మట్టి రంగు.

"చూశావా? సీట్లు కడుగుతారు, తివాచీలు మారుస్తారు. బెల్టు మాత్రం చివరిదాకా లాగి ఎవడూ కడగడు. ఇది మునిగిన బండిరా. వరద బండి. నీళ్ళు ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాయి." చెయ్యి చూపించాడు. కూర్చున్న మనిషి ముక్కు దాటి, కళ్ళ దాకా వచ్చింది ఆ చెయ్యి.

తివాచీ ఎత్తితే వేలెడు మందాన ఒండ్రు మట్టి. ఎండిపోయి ఉండాల్సింది, వేలు పెడితే దిగబడింది. వెనక ఎడమ సీటు దగ్గర స్పాస్ ఎక్కువసేపు ఉన్నాడు. ఆ బెల్టు లాగినప్పుడు నడుమ ఒక చోట దారం కుట్లు కనిపించాయి. వంకర టింకరగా కోసిన పట్టీని ఎవరో మళ్ళీ కుట్టారు.

"దీన్నెందుకు కోస్తారు?" అన్నాడు రాంగెల్.

స్పాస్ ఆ కుట్ల మీద బొటనవేలితో రాశాడు. "కొక్కెం ఊడనప్పుడు కోస్తారు," అన్నాడు. "లోపల ఉన్న మనిషిని బయటికి తియ్యాలంటే."

ఆ కొక్కెంలో తన చేత్తోనే మళ్ళీ బెల్టు తగిలించిన సంగతి రాంగెల్ చెప్పలేదు.

గాలిన్‌కి ఫోన్ చేస్తే, "నాకేం తెలుసన్నా, ఫొటోల్లో పొడిగానే ఉంది కదా," అని పెట్టేశాడు. స్పాస్ ఆ రాత్రే వెనక బెల్టు మొత్తం ఊడబీకి, సీటు కింది వైరు కత్తిరించి, గంట డబ్బా కూడా పీకి చేతిలో పెట్టాడు. "ఇంక ఇది పలకమన్నా పలకదు. అయినా దీంట్లో తిరక్కు. శుక్రవారం నా జీపులో దింపుతాను." కానీ గురువారం మధ్యాహ్నం అతని కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. జీపు వేసుకుని సోఫియా నగరానికి పరిగెత్తాడు.

శుక్రవారం ఉదయం ఆరింటి నుంచి రాంగెల్ తలుపులు తడుతూనే ఉన్నాడు. ఊళ్ళో ఉన్నవే నాలుగు కార్లు, నాలుగూ చీకటితోనే పనులకి దిగిపోయాయి. అంబులెన్స్ వాళ్ళు స్పృహ ఉందా అని అడిగారు. ఉందంటే, అయితే మధ్యాహ్నం దాటాక చూస్తామన్నారు. ఇంటికొచ్చేసరికి నెవెనా దిండ్లకి ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం ఎగపోస్తోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. వెల్కా మూల నిలబడి శిలువ గుర్తు వేసుకుంటోంది.

"తీసుకెళ్ళరా," అంది వెల్కా. "ఇక్కడుంటే ఎలాగూ దక్కదు."

పది గంటలకి నెవెనాని ముందు సీటులో కూర్చోబెట్టి బయల్దేరాడు. రాత్రి కాదు, తుఫాను కాదు. పట్టపగలు. కానీ లోయలోకి దిగేసరికి పొగమంచు పాలలా కమ్మేసింది. పది అడుగుల అవతల రోడ్డు లేదు. కింద ఎక్కడో నది శబ్దం. కారులో బురద వాసన ముందెప్పుడూ లేనంత చిక్కగా ఉంది, నాలుకకి రుచి తెలిసేంత.

నాలుగో మలుపు దాటాడు.

టింగ్.

రాంగెల్ చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. గంట డబ్బా ఇంట్లో బల్ల మీద ఉంది. అతనే పెట్టాడు.

టింగ్... టింగ్...

అద్దంలో చూశాడు. వెనక సీటు ఖాళీ. కానీ ఎడమ కిటికీ అద్దం మీద ఆవిరి పట్టింది. గుండ్రంగా, మనిషి మొహం ఎత్తులో. అది చిన్నదవుతోంది. మళ్ళీ పెద్దదవుతోంది. చిన్నది... పెద్దది... లోపల ఎవరో నోటితో ఊపిరి తీసుకుంటున్నారు.

"రాంగెల్..." నెవెనా గొంతులో నీళ్ళు గలగలమంటున్నాయి. "ఆమెకి చెప్పు..."

"ఎవరికి?"

"నాకింక చాలు. ఇంక పొయ్యొద్దని చెప్పు..."

ఆమె బూట్ల వైపు చూశాడు. లేసుల దాకా తడిసి నల్లగా ఉన్నాయి. నేల పొడిగానే ఉంది. చూస్తుండగానే తడి మడమ మీదకి పాకింది.

బ్రేకు తొక్కాడు. ఇంజన్ ఆపి, దూకి, కారు చుట్టూ పరిగెత్తాడు. పొగమంచులో తన చేతులే తనకి కనిపించడం లేదు. కారు ఒళ్ళు తడుముకుంటూ వెళ్ళి, చేతికి తగిలిన తలుపు లాగాడు.

"రా! నా మెడ పట్టుకో! గట్టిగా పట్టుకో!"

రెండు చల్లటి చేతులు మెడ చుట్టూ బిగిశాయి. వెనక్కి తిరిగి ఆమెని వీపు మీదకి ఎక్కించుకున్నాడు. తలుపు కాలితో తన్ని మూశాడు. తాళంచెవి బటన్ నొక్కాడు, లోపల్నించి కూడా తెరుచుకోకుండా నాలుగు తలుపులూ టక్కున పడ్డాయి. ఆ పిశాచం లోపలే ఉండిపోవాలి, ఎప్పటికీ అక్కడే కుళ్ళిపోవాలి అనుకుని, తాళంచెవిని బలం కొద్దీ లోయలోకి విసిరేశాడు.

పది అడుగులు వేశాడో లేదో, వెనక కారులోంచి అద్దం మీద చప్పుడు మొదలైంది. దబ్... దబ్... దబ్... అరచేతులతో కొడుతున్నట్టు. ఏదో అరుపు కూడా, మూసిన అద్దం వెనక నుంచి, మాటలు తెలియకుండా.

"వినకు," అన్నాడు వీపు మీది మనిషితో. "నువ్వు వినకు తల్లీ. కళ్ళు మూసుకో."

ఆమె చెంప అతని మెడకి ఆనింది.

అతను వెనక్కి తిరగలేదు. ఒక్కసారి కూడా తిరగలేదు. చప్పుడు నెమ్మదించింది. ఒక మలుపు తిరిగాక ఇంక వినిపించలేదు.

అరగంట నడిచాక కట్టెల లారీ ఒకటి ఎదురొచ్చి, వాళ్ళ అవస్థ చూసి, అతికష్టం మీద వెనక్కి తిప్పుకుని ఆసుపత్రి గుమ్మం దాకా దింపింది. దారి పొడుగునా ఆమె రాంగెల్ భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. ఎగపోత లేదు. పెదాలు ఎర్రగా ఉన్నాయి. దేవుడా, ఇదే నాకు చాలు అనుకున్నాడతను. ఇంక జీవితంలో ఏమీ అడగను.

తూకం ముల్లు యాభై రెండు దగ్గర ఆగింది.

"ఇదీ లెక్కంటే!" సిస్టర్ లిల్యానా చప్పట్లు కొట్టినంత పని చేసింది. "రెండు రోజులకి ఒక్క చుక్క పెరగలేదా? బుగ్గలు చూడు, పెళ్ళికూతురిలా! ఏం చేశావయ్యా నువ్వు?"

"కారు మార్చాను సిస్టర్ గారూ," అన్నాడు రాంగెల్. అంటూనే గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆవిడ అతని వీపు తట్టి, "సరే సరే, ఏడుపు బయట ఏడువు, ముందు నన్ను పని చేసుకోనీ," అని సూదుల పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఆవిడే మంచం మీది మనిషి ఎడమ చేతి స్వెట్టర్ పైకి మడిచింది.

మడిచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆరేళ్ళ కిందట నెవెనా ఎడమ చేతికి ఆపరేషన్ చేసి నరం కలిపారు. వారానికి మూడుసార్లు, సారికి రెండు లావుపాటి సూదులు ఆ నరంలోకే దిగుతాయి. మోచెయ్యి దగ్గర అది తాడులా మెలికలు తిరిగి ఉబ్బి ఉంటుంది, పైన చర్మమంతా తూట్ల మచ్చలు. అందులో రక్తం ఎప్పుడూ జుమ్మని పరిగెడుతుంటుంది. రాంగెల్ రాత్రిళ్ళు దాని మీద అరచెయ్యి పెట్టుకునే నిద్రపోతాడు. ఆ జుమ్మనడం ఆగితే తనకి మెలకువ వస్తుందని.

సిస్టర్ లిల్యానా స్వెట్టర్ ఇంకా పైకి, భుజం దాకా లాగింది. తర్వాత కుడి చెయ్యి మడిచి చూసింది. మళ్ళీ ఎడమ చెయ్యి.

రెండూ నున్నగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు.

"రాంగెల్..." సిస్టర్ గొంతు గుసగుసలా వచ్చింది. "ఈ మనిషిని... ఎక్కణ్ణించి తీసుకొచ్చావు?"

మంచం మీది మనిషి నెవెనా కళ్ళతో అతని వైపు చూసి నవ్వింది.

రాంగెల్ అప్పటికే గుమ్మం వైపు వెనకడుగు వేస్తున్నాడు. పొగమంచులో చేతికి తగిలిన ఆ తలుపు... ముందుదా? వెనకదా? గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా అతనికి గుర్తు రావడం లేదు. గోడ గడియారంలో ఒంటిగంట దాటింది.